నాడి మాత్రం నిజం

మార్చి 2, 1999. మంగళవారం

దగ్గుమందు కంపెనీ అబ్బాయి జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా దగ్గుతున్న ఒక పెద్దమనిషి బొమ్మ ఉంది. రెండు నెలలుగా అల్మరాలో పడి ఉంటే ఇవాళ తీశాను. ఆస్పత్రి కాగితాల మీద రాయకూడనివి రాసుకోవడానికి ఒక చోటు కావాలి. ఈ పెద్దమనిషి ఎవరికీ చెప్పడు. ఆయన దగ్గు ఆయనకే సరిపోతుంది.

ఇవాళ డాక్టరు రామ్మోహనరావు గారు సర్క్యులర్ తీశారు. మదీనాగూడ హైవే మీద ఉన్న మా సంజీవి నర్సింగ్ హోమ్‌లో ముప్పై పడకలు, నా కింద తొమ్మిదిమంది నర్సులు. నిన్న పొద్దున ఆ తొమ్మిదిమందిలో నలుగురు ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశారు. దాంతో డాక్టరు గారే ఒకావిడకి స్వయంగా ఇంజక్షన్ చేయవలసి వచ్చింది. ఆవిడ బాధకి ఓర్చుకుని, "సిస్టర్ లేరాండీ? వాళ్ళ చెయ్యి తేలిక" అందట. సర్క్యులర్ పుట్టింది అక్కడే.

ఇకమీదట ఏ నర్సు జబ్బు అని ఫోన్ చేసినా, ఆ మధ్యాహ్నమే ఇన్‌ఛార్జి సిస్టర్ వాళ్ళింటికి వెళ్ళాలి. నోట్లో థర్మామీటరు పెట్టి, నాడి చూసి, చార్టు గీసి ఆయన బల్ల మీద పెట్టాలి. సెలవు ఎన్ని రోజులైతే అన్ని రోజులూ వెళ్ళాలి. జబ్బు లేదని తేలితే ఉద్యోగం ఉండదు. ఇన్‌ఛార్జి సిస్టర్ అంటే నేనే, రాజరాజేశ్వరిని.

పదకొండేళ్ళలో నేను ఒక్కరోజు కూడా జబ్బు సెలవు పెట్టలేదని డాక్టరు గారు అందరి ముందూ చెప్పి, రాజేశ్వరిని చూసి నేర్చుకోండి అన్నారు. అందరూ నన్ను చూశారు. అవి నేర్చుకునే చూపులు కావు.

అసలు సెలవు దేనికి? మా ఆయన బుల్లిబాబు గారు నీటిపారుదల శాఖలో, పార్వతీపురంలో ఉన్నారు. వచ్చేనెల బదిలీ అని నాలుగేళ్ళుగా అంటున్నారు. చందానగర్‌లో మా రెండు గదుల వాటాలో పగలంతా కూర్చుని నేను చేసేదేముంది? నాకు డ్యూటీ అంటే ఇష్టం. అంతే.

ఒకరి ఇంటికి పోయి తనిఖీ చేయడం మాత్రం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను.

మార్చి 3, బుధవారం

జబ్బు అబద్ధం ఆడటంలో నర్సుని మించినవాళ్ళు లేరు. మామూలు జనం జ్వరం అంటారు, థర్మామీటరుకి దొరికిపోతారు. మా వాళ్ళు విరేచనాలు అంటారు. ఎన్ని, ఎలా అని ఎవరూ అడగరు. రెండో రకం వాళ్ళు ఒంటి తలనొప్పి అంటారు, దానికి పరీక్షే లేదు. కాలు బెణికిందని చెప్పేవాళ్ళు కొత్తవాళ్ళు. మర్నాడు వచ్చి కుంటాలి కదా. పోయినేడు ఒకమ్మాయి పొద్దున కుడికాలు, సాయంత్రం ఎడమకాలు కుంటింది.

ఫోన్ చేసేది కాయిన్ బాక్స్ నుంచి. గొంతు నీరసంగానే ఉంటుంది కానీ వెనకాల "పటాన్‌చెరు, పటాన్‌చెరు" అని కండక్టరు అరుపు వినిపిస్తూ ఉంటుంది. మంచం మీద ఉన్నవాళ్ళ దగ్గరికి బస్సు ఎలా వచ్చిందో అడగను.

మా క్యాంటీన్ బాలమ్మకి సర్క్యులర్ చదివి వినిపించాను. ఎనిమిదేళ్ళుగా వంటా, వడ్డనా, తాగునీళ్ళ కుండా అన్నీ ఆవిడవే. నారాయణఖేడ్ వైపు మనిషి. విని, "మంచిదే గద సిస్టరమ్మా, ఒంట్ల బాగలేనోళ్ళను చూసి రాబోతున్నవు" అంది. ఆవిడకి తనిఖీ అన్న మాట అర్థం కాలేదు.

మార్చి 4, గురువారం

మొదటి తనిఖీ. ఉమాశ్రీకి విరేచనాలు.

దీప్తిశ్రీనగర్‌లో వాళ్ళ సందు మొదట్లోనే ఉమాశ్రీ కనిపించింది. చీర ఎగదోపుకుని, రెండు చేతుల్లో రెండు బిందెలతో పరుగెడుతోంది. అంత విరేచనాల మనిషి అంత వేగంగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూసి ఆగిపోయింది. బిందె దించలేదు. నీళ్ళు పోతాయి కదా.

వాళ్ళ బోరు ఎండిపోయింది. ట్యాంకరు పదింటికీ ఒంటిగంటకీ మధ్య ఎప్పుడో వస్తుంది. ఇంట్లో మనిషి లేకపోతే ఆ పూటకి నీళ్ళు లేనట్టే. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో లేవలేరు. లారీ తోలే భర్త విజయవాడ నుంచి ఆదివారం వస్తాడు.

"నీళ్ళ కోసం సెలవంటే ఇస్తారాండీ సిస్టర్? అందుకే ఆ జబ్బు చెప్పాను. అదీ నీళ్ళకి సంబంధించిందే కదండీ" అంది.

నేను నవ్వకూడదు. నవ్వలేదు. వాళ్ళత్తగారు మజ్జిగిచ్చారు. కుదుటపడ్డాక ఉమాశ్రీ నాడి పట్టుకున్నాను. డెబ్బై ఎనిమిది. జ్వరం లేదు. చార్టు మీద పెన్ను పెట్టి చాలాసేపు కూర్చున్నాను. చివరికి నాడి డెబ్బై ఎనిమిది అనీ, జ్వరం తొంభై తొమ్మిది పాయింటు నాలుగు అనీ రాశాను. ఎక్కువ రాస్తే అతిగా ఉంటుంది.

మార్చి 5, శుక్రవారం

ఉమాశ్రీకి ఇవాళ జ్వరం 100.2. నిన్నటికంటే తగ్గిస్తే పనిలోకి రమ్మంటారు కాబట్టి కొంచెం పెంచాను. నాడి 78.

ట్యాంకరు నేనున్నప్పుడే వచ్చింది. ఎవరూ లేరని నేనూ ఒక పైపు పట్టుకున్నాను. చీరంతా తడిసింది. వాళ్ళత్తగారు వంకాయ కూర పెట్టారు. డ్యూటీ మీద వెళ్ళాను కాబట్టి తిన్నాను.

మార్చి 7, ఆదివారం

నిన్న 101. ఇవాళ 102. నాడి 78. ఉమాశ్రీ భర్త వచ్చాడు. సందు చివర డాక్టరు క్యాప్సూల్స్ ఇచ్చాడు, తగ్గింది అని చార్టు కింద రాశాను. రేపు డ్యూటీకి వస్తుంది.

రేపటి నుంచి వాళ్ళింటికి వెళ్ళే పని లేదు. హమ్మయ్య.

మార్చి 9, మంగళవారం

సంధ్య ఫోన్ చేసి దగ్గింది. దగ్గు బాగా కుదిరింది, దగ్గుమందు డైరీలో రాసుకోదగ్గ దగ్గు.

మాదాపూర్‌లో ఆ గుండ్రటి సైబర్ టవర్స్ వెనకాల కొత్తగా లేస్తున్న ఒక బిల్డింగుకి వాళ్ళ నాన్న లింగయ్య వాచ్‌మన్. అక్కడే రేకుల గది. లోపల సంధ్య నేలమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక అట్టముక్క మీద పది వేళ్ళూ ఆడిస్తోంది. బిస్కెట్ల డబ్బా చింపిన అట్ట అది. దాని మీద స్కెచ్ పెన్నుతో గళ్ళు గీసి, గడికొక ఇంగ్లీషు అక్షరం రాసుకుంది. కంప్యూటరు మీట్లు.

శనివారం పరీక్ష ఉందట. అమెరికా డాక్టర్లు రోగుల గురించి టేపులో చెప్పే మాటలు ఇక్కడ విని టైపు కొట్టే ఉద్యోగం. జబ్బుల పేర్లు తెలిసినవాళ్ళు కావాలి కాబట్టి నర్సులైతే మేలంటున్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు రోజుకి అరగంటే దొరుకుతుంది, మిగతా పొద్దంతా ఈ అట్టే దిక్కు.

లింగయ్య బయటే నిలబడి, "తప్పయిందమ్మా. జర మాఫ్ చెయ్యి" అన్నాడు. పిల్ల తప్పుకి తండ్రి తల దించుకోవడం నాకు కష్టంగా అనిపించింది.

నాడి 74. జ్వరం 99.6.

మార్చి 10, బుధవారం

100.4. నాడి 76. టేపు లేదు కాబట్టి నేనే అమెరికా డాక్టరునై ముక్కుతో మాట్లాడాను. సంధ్య అట్ట మీద టైపు కొట్టింది. కొట్టింది తప్పో ఒప్పో మాకు తెలియదు, అట్ట ఏమీ చెప్పదు కదా. లింగయ్య మాత్రం "మస్తు కొడుతుంది బిడ్డ" అన్నాడు. జొన్నరొట్టె పెట్టారు.

మార్చి 11, గురువారం

101.2. నాడి 74. ఇవాళ గుండెజబ్బుల మాటలు అయ్యాయి. రేపు కిడ్నీలు.

మార్చి 13, శనివారం

నిన్న 102, ఇవాళ 103. నాడి 76. పరీక్ష బాగా రాసిందట. క్యాప్సూల్స్, తగ్గింది.

సాయంత్రం ఏడో నంబరు పడకలో ఓబులేసు పోయాడు. నలభై రోజులున్నాడు, రిటైరైన లారీ డ్రైవరు. మా నర్సు సంయుక్త తినిపిస్తే తప్ప తినేవాడు కాదు. ప్రతి స్పూనుకీ బేరం ఆడేవాడు. పూర్తి స్పూను వద్దు, సగం అనేవాడు. సంయుక్త ముప్పావు దగ్గర ఖాయం చేసేది.

మార్చి 14, ఆదివారం

డాక్టరు గారికి తలనొప్పి, రౌండుకి రాలేదు. ఆయన రాకపోవడం అరుదు.

మార్చి 15, సోమవారం

సంయుక్తకి జ్వరం అని ఫోన్. తెలివైన పిల్ల, జ్వరం అని చెప్పిందేమిటా అనుకుంటూ హాస్టల్‌కి వెళ్ళాను.

తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. కాసేపటికి, "ఏడో నంబరు మీదకి ఇవాళ కొత్త పేషెంటు వస్తున్నాడు కదా సిస్టర్" అంది. దుప్పటి మార్చవలసింది సంయుక్తే.

దువ్వెన తీసుకుని జుట్టు చిక్కు తీశాను. మూడు రోజులు ఉండమన్నాను.

నాడి 72. జ్వరం 100. దుప్పటి నేనే మార్చాను.

మార్చి 17, బుధవారం

సంయుక్త, నిన్న 101, ఇవాళ 102, నాడి 72. రేపు వస్తానంది.

మా ఆయన ఉత్తరం వచ్చింది. ఉగాదికి రావడం లేదు, కాలవ మరమ్మతు. రేపు నేను డబుల్ డ్యూటీ వేసుకున్నాను. పండగ పూట పెళ్ళైనవాళ్ళు ఇంట్లో ఉండాలి కదా, అందుకని సెలవు వాళ్ళకి వదిలేశాను.

మార్చి 18, గురువారం. ఉగాది

బాలమ్మ కుండలో ఉగాది పచ్చడి కలిపి, గ్లాసుతో తెచ్చి నా చేతికిచ్చి, తాగేదాకా నిలబడింది. బాగుంది.

మార్చి 19, శుక్రవారం

కొంప మునిగింది.

డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద మూడు చార్టులు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఉస్మానియాలో చదువుకునే రోజుల తర్వాత ఇంత చక్కటి చార్టులు చూడలేదట. "చూడమ్మా రాజేశ్వరీ, జ్వరం మెట్లు మెట్లుగా ఎక్కుతోంది. ఇంత జ్వరానికి నాడి నూట ఇరవై కొట్టుకోవాలి. డెబ్బై ఎనిమిది దాటలేదు. జ్వరం పైన, నాడి కింద. ఇదేమిటి, చెప్పు?"

టైఫాయిడ్. కాకినాడ నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడాదే నేర్పారు. మా ట్యూటరమ్మ ఈ చార్టే మా చేత వందసార్లు గీయించింది. జ్వరం మెల్లగా పెంచానే గానీ, అది ఆ మెట్లు ఎక్కుతోందని నాకు తోచనే లేదు. నాడి మాత్రం ముగ్గురిదీ నిజంగా పట్టుకుని చూశాను, ఉన్నది ఉన్నట్టు రాశాను. అంతా అబద్ధమే రాసి ఉంటే వైరల్ జ్వరం అనుకుని ఊరుకునేవారు. సగం నిజం కలపబట్టి టైఫాయిడ్ అయింది.

ఆయన అక్కడితో ఆగలేదు. ఒకే ఆస్పత్రిలో పదిహేను రోజుల్లో ముగ్గురు, సందు చివర డాక్టర్ల క్యాప్సూల్స్‌తో పైకి అణిగింది, లోపల ఉంది, నీళ్ళలోనో అన్నంలోనో మూలం ఉంది, దాన్ని పట్టుకుంటానన్నారు. వచ్చేనెల డాక్టర్ల సంఘం మీటింగులో దీని మీద ప్రసంగం చేస్తారట.

దొంగకి తేలు కుట్టినట్టు బయటికి వచ్చేశాను.

మార్చి 20, శనివారం

సంపు కడిగించారు. ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు. ముగ్గురు పిల్లలకీ రోజూ నా ఎదురుగా క్యాప్సూల్ మింగించాలి. మింగినట్టే మింగి దవడలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ విద్య మొండి పేషెంట్ల దగ్గర నేర్చుకున్నదే. నేను గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత నలుగురం స్టోర్ రూమ్‌లో చేరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. పదకొండేళ్ళలో ఆ స్టోర్ రూమ్‌లో నేను నవ్వింది ఇదే మొదలు.

మార్చి 22, సోమవారం

బాలమ్మకి రక్తపరీక్ష చేయించారు. జనవరిలో ఆవిడకి వారం రోజులు జ్వరం వచ్చిన సంగతి డాక్టరు గారికి గుర్తొచ్చింది. రిపోర్టులో టైఫాయిడ్ ఛాయ అంతో ఇంతో తేలింది. ఇన్నేళ్ళుగా ఈ నీళ్ళు తాగినవాళ్ళలో ఎవరికి తీసినా అంతో ఇంతో తేలుతుంది. నాకు తీసినా తేలుతుంది.

జబ్బు ఆవిడ చేతి వంట నుంచే పాకిందని తేల్చి, ఈ నెలాఖరుతో బాలమ్మని మాన్పిస్తున్నారు.

మార్చి 23, మంగళవారం

బాలమ్మకి వేరే పని దొరుకుతుంది. మాదాపూర్‌లో కట్టే ప్రతి బిల్డింగు దగ్గరా వంటమనిషి కావాలంటున్నారు. గట్టి మనిషి. నిజం చెబితే ముగ్గురు పిల్లల ఉద్యోగాలు పోతాయి. నాదీ పోతుంది. ఒకరి కోసం నలుగురా? లెక్క చూసుకుంటే నేను చేస్తున్నది సరైనదే.

మార్చి 24, బుధవారం

లెక్క సరిగ్గానే ఉంది. అన్నం సయించలేదు.

ఈ రాత ఆపుదామనుకున్నాను కానీ మధ్యాహ్నం సంగతి రాయకుండా ఉండలేను. బాలమ్మ స్టోర్ రూమ్ గుమ్మం బయట నిలబడి నన్ను పిలిచింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఉద్యోగం గురించి అడుగుతుందేమో అనుకుని, రెండు మూడు బిల్డింగుల పేర్లు సిద్ధం చేసుకున్నాను.

"నా చేతి బువ్వ తినే పిల్లలకు జ్వరమొచ్చిందట గద సిస్టరమ్మా. నాకు ఎరుక లేదమ్మా. ఎరుకుంటే కుండ ముడుతునా? ఆ ముగ్గురి కాళ్ళు మొక్కుత. జర నువ్వు చెప్పవా వాళ్ళకు, కావాలని చెయ్యలేదని?"

ఉద్యోగం మాటే ఎత్తలేదు. నేను చెబుతానన్నాను. ఏం చెబుతాను?

మార్చి 25, గురువారం. శ్రీరామనవమి

ఎనిమిదేళ్ళుగా ఆస్పత్రిలో నవమి పానకం బాలమ్మే కలుపుతుంది. ఇవాళ సంయుక్త కలిపింది. బాలమ్మ గేటు అవతల నిలబడి, మిరియాలు ఎన్ని వెయ్యాలో అక్కడి నుంచే కేకేసి చెప్పింది. ఎవరికీ తగలకుండా చేతులు కొంగులో చుట్టుకుంది.

పానకం గ్లాసు పట్టుకుని ఏడుపు ఆపుకోవడానికి బాత్రూమ్‌లోకి వెళ్ళాను. నేనొక పిరికిదాన్ని. రేపు చెప్పేస్తాను.

మార్చి 26, శుక్రవారం

నిజం చెప్పేస్తున్నానని ముందు పిల్లలు ముగ్గురికీ చెప్పాను. "నేనూ అదే అనుకుంటున్నానండీ" అంది ఉమాశ్రీ. సంధ్య ముఖం పాలిపోయింది, ఆ పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. అయినా వద్దని ఒక్కరూ అనలేదు. సంయుక్త నా క్యాప్ సరిచేసి పంపింది.

డాక్టరు గారు ప్రసంగం రాసుకుంటున్నారు. చార్టులు మూడూ పెద్ద గ్రాఫు కాగితం మీద రంగుల పెన్సిళ్ళతో మళ్ళీ గీశారు. ఎంత శ్రద్ధగా గీశారో. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డాక్టరు గారూ, ఆ చార్టుల్లో నాడి నిజం. జ్వరం నేను రాసింది."

ఆయన కళ్ళజోడు తీశారు. "ఏ రోజుది?"

"అన్ని రోజులదీ సార్."

ఎర్ర పెన్సిలు తీసుకెళ్ళి డబ్బాలో పెట్టారు. నీలం పెన్సిలు పెట్టారు. తర్వాత చాలా బాధగా, "మరి నాడి నూట ఇరవై అని ఎందుకు రాయలేదమ్మా?" అన్నారు.

"నాడి పట్టుకుని అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు సార్."

బాలమ్మని పంపొద్దని, పంపితే నన్ను పంపమని చెప్పాను. ఆయన ఆ మాట విననట్టే, వాళ్ళు ముగ్గురూ అసలెందుకు మానేశారని అడిగారు. చెప్పాను. ట్యాంకరు సంగతి చెబితే కోపంగానే విన్నారు. అట్టముక్క సంగతి చెబితే, అట్ట మీద టైపు ఎలా వస్తుందని అడిగారు. సంయుక్త సంగతి చెప్పినప్పుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"ఆ ఆదివారం నాకూ తలనొప్పి లేదు" అన్నారు, అటే చూస్తూ. "ఏడో నంబరు ఖాళీగా చూడలేక రాలేదు."

ఆయన ఇటు తిరిగి, "మరి నువ్వు? పదకొండేళ్ళలో నీకు ఒక్కరోజైనా రాకూడదని అనిపించలేదా?" అని అడిగారు. నాకు డ్యూటీ ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

మార్చి 27, శనివారం

ఎవరి ఉద్యోగమూ పోలేదు. నాకు మెమో ఇచ్చారు, పదకొండేళ్ళలో మొదటిది. గ్రాఫు కాగితం మడిచి సొరుగులో పెట్టారు. ఆ ప్రసంగం పోయినందుకు ఇంకా నా ముఖం చూడటం లేదు.

డాక్టరు గారు స్వయంగా క్యాంటీన్‌లోకి వెళ్ళి, బాలమ్మ చేతి మంచినీళ్ళు అందరూ చూస్తుండగా రెండు గ్లాసులు తాగారు. ఎవరికీ జ్వరం రాలేదని తెలిసి బాలమ్మ నామీద కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ "పిల్లలకు జ్వరం లేదా, నిజమేనా" అని మూడుసార్లు అడిగి, గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. నా వైపు తిరిగి, "గిది ముందుగాల చెప్పొద్దా సిస్టరమ్మా" అని మాత్రం అంది. ఆ ఒక్క మాట మెమో కంటే గట్టిగా తగిలింది.

సర్క్యులర్ రద్దు చేయలేదు, సవరించారు. ఇకనుంచి జబ్బు చేసిన నర్సుల ఇళ్ళకి బాలమ్మ వెళుతుంది. ఆవిడకి థర్మామీటరు చదవడం రాదు, చార్టు గీయడం అసలే రాదు. "అందుకే ఆవిడ" అన్నారు డాక్టరు గారు. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు డ్యూటీ మార్చుకోవచ్చని కూడా కింద ఒక వాక్యం రాశారు. ఏడో నంబరు గురించి ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 1, గురువారం

సంధ్యకి ఉద్యోగం వచ్చింది. ఇవాళ వెళ్ళిపోయింది. ఆ అట్టముక్క నాకిచ్చింది. ఏం చేసుకోను? దగ్గుమందు పెద్దమనిషి పక్కన పెట్టాను.

ఏప్రిల్ 9, శుక్రవారం

సంధ్య ఫోన్ చేసింది. ఈసారి వెనకాల కండక్టరు అరుపు లేదు, ఏసీ చప్పుడు ఉంది. నిన్న ఆఫీసుకి జబ్బని చెప్పి మానేసిందట. అసలు కారణం, వేళ్ళ నొప్పులు.

"జ్వరమని చెప్తే, మా సారు ఓకే టేక్ కేర్ అని పెట్టేసిండు సిస్టర్. గంతే. ఎవ్వరూ రాలే. పొద్దంత తలుపు దిక్కే చూసిన, నాకే నవ్వొచ్చింది" అంది.

నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు.

ఏప్రిల్ 11, ఆదివారం

ఏమీ లేదు.

ఏప్రిల్ 12, సోమవారం

పొద్దున ఏడింటికి చందానగర్ బస్టాపు దగ్గర కాయిన్ బాక్స్ ముందు నిలబడ్డాను. రూపాయి వేశాను. ఉమాశ్రీ ఎత్తింది. ఇన్నేళ్ళుగా ఎన్ని వందల జబ్బులు విన్నానో, ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి విరేచనాలు అన్నాను.

"అది మాది కదండీ సిస్టర్. మీరు ఇంకోటేదైనా చెప్పండి" అంది ఉమాశ్రీ. వెనకాల బస్సు హారను కొట్టింది. నేను జ్వరం అని చెప్పి పెట్టేశాను.

ఇంటికొచ్చి తలంటుకున్నాను. ఏ కారణమూ లేకుండా సోమవారం పూట కిటికీ దగ్గర కూర్చుని జుట్టు ఆరబెట్టుకున్నాను. పక్కింటి వాళ్ళు పగలు రేడియో ఇంత గట్టిగా పెడతారని నాకు తెలియనే తెలియదు. పన్నెండింటికల్లా ఇల్లు రెండుసార్లు సర్దాను. మరొక గ్లాసు తోమి పెట్టాను. ఎందుకు తోమానో అప్పుడు ఒప్పుకోలేదు.

మూడింటికి తలుపు చప్పుడైంది. బాలమ్మ. ఒక చేతిలో క్యారియర్, కొంగున ముడి. ముడి విప్పి థర్మామీటరు తీసింది, అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ ముడేసుకుంది. అరచెయ్యి నా నుదుటి మీద పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"ఉన్నది సిస్టరమ్మా. మస్తున్నది" అంది.

"లేదు బాలమ్మా. నాకు జ్వరం లేదు."

"నీకేమెరుక? పట్టి చూసింది నేను" అంది. "ఇయ్యాల లేవకు. రేపు గూడ వస్త."

క్యారియర్ విప్పి, అన్నం కలిపి పెట్టింది. నేను తినేదాకా ఎదురుగా నిలబడింది, ఉగాది పచ్చడి నాడు నిలబడ్డట్టే. సారుకి ఎంతని చెప్పమంటావని అడిగింది. తొంభై తొమ్మిది చాలు అన్నాను, రేపు పెంచొద్దని కూడా చెప్పాను. ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళింది.

అసలు కారణం రాసుకుంటాను. ఇన్నాళ్ళూ అందరివీ రాశాను కదా. నేను చెబితే ఎవరైనా వచ్చి చూస్తారా, రారా అని. పదకొండేళ్ళూ సెలవు పెట్టనిది డ్యూటీ మీద ఇష్టంతో కాదు, ఎవరూ రారేమోనన్న భయంతో.

బాలమ్మకి నాడి చూడటం రాదు. ఎప్పుడూ డెబ్బై రెండు దాటని నా నాడిని ఆవిడ వెళ్ళాక నేనే పట్టుకుని చూసుకున్నాను. తొంభై ఆరు. రెండోసారి చూసినా అంతే. ఉన్నది ఉన్నట్టు రాశాను.